ఇంటర్నేషనల్ భూగోళం, హయత్‌నగర్ బ్రాంచి

విజయవాడ హైవే మీద మా హయత్‌నగర్‌లో ఇంటర్నేషనల్ కానిది ఏదైనా ఉందా అని ఇప్పుడు వెతుక్కోవాలి. ఇంటర్నేషనల్ స్కూళ్లున్నాయి, ఇంటర్నేషనల్ సెలూన్ ఉంది, ఈమధ్య ఇంటర్నేషనల్ టిఫిన్ సెంటర్ కూడా తెరిచారు. అక్కడ ఇడ్లీ మాత్రం ఇడ్లీలాగే ఉంది. అందుకే మా కాలనీ వెనక ప్రైవేటు బడివాళ్లు విద్యార్థులకు ఇంటర్నేషనల్ జాగ్రఫీ కాంపిటీషన్ అంటూ కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టినా నేను పెద్దగా పట్టించుకోలేదు. పాలప్యాకెట్టుకు పోయి వస్తూ ఒకరోజు దానిమీది గ్లోబు బొమ్మను చూశాను. ఆఫ్రికాకు కుడిపక్కన దక్షిణ అమెరికా ఉంది! కంప్యూటర్‌లో బొమ్మను ఎవడో అటుదిటు తిప్పి అతికించాడు. దాని కిందనుంచే రోజూ వందలమంది పిల్లలు బడికి పోతున్నారు, వాళ్ల వెనకే టీచర్లూ పోతున్నారు. ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. మా రోజుల్లో అయితే... అని నేను మొదలుపెట్టగానే మా ఇంట్లోవాళ్లు ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోతారు. మీరైనా కాస్త కూర్చోండి.

నేను జిల్లా పరిషత్ బడుల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ బడి కరస్పాండెంట్ ఒకప్పుడు నా క్లాసులో చివరి బెంచీ. మ్యాప్ పాయింటింగ్‌లో నర్మదను తీసుకెళ్లి బంగాళాఖాతంలో కలిపిన ఘనుడు. ఇప్పుడు స్వీట్ల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు.

"సార్, మీరే చీఫ్ కన్వీనర్‌గ ఉండాలె. బ్రోచర్ల మీ ఫోటో ఏస్తున్నం."

"ముందు ఆ గ్లోబు సరిచేయించు. తర్వాత చెప్పు, ఇది ఇంటర్నేషనల్ ఎట్లయిందిరా?"

"దుబాయ్‌ల ఒక స్కూలు, ఖాట్మండుల ఒక స్కూలు జూమ్‌ల జాయినైతున్నయి సార్. మనతోని మూడు దేశాలైనయి గద."

మూడు దేశాలని నవ్వడానికి లేదు. అసలైన అంతర్జాతీయ భూగోళ ఒలింపియాడ్ కూడా 1996లో నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో ఐదంటే ఐదు దేశాలతో మొదలైంది. బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్, పోలండ్, స్లొవేనియా. కాబట్టి సరేనన్నాను. స్వీట్లు తినలేదు, షుగరు.

మర్నాడు బడిలో మీటింగు, ఏసీ గదిలో. కరస్పాండెంటు, ప్రిన్సిపాల్ మేడం, ఇద్దరు సోషల్ టీచర్లు, క్లాసు లీడర్లని చెప్పి నలుగురు పిల్లలు, ఈవెంట్లు చేసే కంపెనీ నుంచి ఒక కుర్రాడు. మాట్లాడిందంతా ఆ కుర్రాడే. ఫ్లాగ్ రౌండు, రాపిడ్ ఫైర్, బజరు రౌండు. వెనకాల ఎల్‌ఈడీ తెర. గేటు దగ్గర సెల్ఫీ పాయింటు, అక్కడ థర్మకోల్ ఈఫిల్ టవరు. పాల్గొన్న ప్రతివాడికీ మెడల్, వచ్చిన తల్లిదండ్రులందరికీ ఫుడ్ కూపను. ఖర్చులో సగానికి పైగా స్టేజీకీ సౌండుకీ పోతోంది. మరి ప్రశ్నలెవరు రాస్తున్నారని అడిగాను.

"బిట్ బ్యాంక్ రెడీగా ఉంది అంకుల్. ఐదొందల బిట్లు" అని ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు.

రాజధానులు, కరెన్సీలు, పొడవైన నదులు, ఎత్తయిన శిఖరాలు. ఈ బిట్లు నాకు కొత్తేమీ కాదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో జిరాక్స్ షాపులవాళ్లు స్పైరల్ బైండింగ్ చేసి అమ్మేవి ఇవే. గ్రూప్స్ రాసే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి రూముల్లో నలుగురైదుగురు సర్దుకుని అవి బట్టీపడతారు. వాళ్లకు తప్పదు, ఉద్యోగం వాటితో ముడిపడి ఉంది. ఎనిమిదో తరగతివాడికి ఈ శిక్ష ఏమిటి?

అక్కడే ఉన్న ఒక అబ్బాయిని బుర్కినా ఫాసో రాజధాని ఏమిటని అడిగాను. నేను నోరు మూసేలోపే వాగడూగూ అన్నాడు. శభాష్ అని, మీ ఇంట్లో నల్లా నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగాను. ట్యాంకులోంచి అన్నాడు. ట్యాంకులోకి? మోటరు వేస్తే వస్తాయి. మోటరుకు? సంపు. సంపుకు? అక్కడితో వాడి భూగోళం అయిపోయింది. ప్రిన్సిపాల్ మేడం మాట మార్చారు.

ఆ నీళ్లు కృష్ణానదివి. నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి జలాశయానికి, అక్కణ్ణుంచి కోదండాపూర్‌లో శుద్ధి చేసి, గున్‌గల్ గుట్టల దాకా దఫదఫాలుగా పంపులతో ఎక్కించి, అక్కణ్ణుంచి వాలు మీద సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు వదులుతారు. నూరు కిలోమీటర్లకు మించిన దారి, మూడు వందల మీటర్లకు మించిన ఎత్తు. మొదటి దశ 2004లో వచ్చింది. సాహెబ్‌నగర్ అంటే ఎక్కడో కాదు, మన వనస్థలిపురం పక్కనే. ఆ అబ్బాయి బడి బస్సు రోజూ అటునుంచే వస్తుంది.

"మరి పిల్లల్ని బయటికి ఎప్పుడు తీసుకెళ్తారు?" అని అడిగాను.

"బయటికంటే అంకుల్?"

"ఎండలోకి."

"అవుటింగు మన ప్యాకేజీలో లేదంకుల్."

మా రోజుల్లో ప్యాకేజీలు లేవు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మండలాలు కూడా లేవు, పంచాయతీ సమితులే. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుంచి మా చుట్టుపక్కల ఊళ్లన్నీ విడదీసి కొత్త జిల్లా చేశారు. మొదట హైదరాబాద్ రూరల్ అన్నారు, తర్వాత రంగారెడ్డి అయింది. జిల్లా వచ్చింది గానీ గోడకు తగిలించే మ్యాపు రాలేదు. పాత మ్యాపు మీదే ఎర్రసిరాతో మేమే హద్దు గీసుకున్నాం. ఆ హద్దు ఎక్కడెక్కడ పోతుందో తెలుసుకోవడానికి ఊరూరికీ ఉత్తరాలు రాయించాను పిల్లల చేత. కొన్నింటికి జవాబులు కూడా వచ్చాయి.

సమితి స్థాయి భూగోళం పోటీ అంటే అప్పట్లో ఒక పూట కాదు, రెండు పూటలు. పొద్దున బడి ఆవరణలో నీళ్లు చల్లి, ఒక్కో జట్టుకు ఒక్కో చదరం ఇచ్చేవాళ్లం. చూడకుండా ముగ్గుతో భారతదేశం వెయ్యాలి. గోదావరికి నీలం, సహ్యాద్రికి ఇసుక కుప్ప, థార్‌కు ఇటుకపొడి. కాఠియావాడ్ మూతి ఎవరిది సరిగా వచ్చిందో, శ్రీలంకను ఎవరు మరీ దూరంగా నెట్టారో చూసి మార్కులు. రైళ్ల టైంటేబుల్ పుస్తకం ఒకటి తెచ్చి, కాజీపేట నుంచి కన్యాకుమారికి ఏ నదులు దాటుతావని అడిగేవాళ్లం. రెండో పూట చెరువు కట్టకు నడక. పులిహోర పొట్లాలు ఆకుల్లో కట్టి పంచేవాళ్లు. గెలిచినవాడికి అట్లాసు, ఓడినవాళ్లకు కంపాస్ బాక్సు. మెడల్ అన్న మాటే లేదు.

ఆ చెరువు నడక గురించే నేను చెప్పాలనుకున్నది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ ఉంది, దేశం నలుమూలల నుంచి సర్వేయర్లు వచ్చి నేర్చుకునేది అక్కడే. అందులో పనిచేసే ఒకాయన మా పక్కింట్లో అద్దెకుండేవారు. ఆదివారం సెలవు కదా అని ఆయన్ను బతిమాలితే, పాత ప్లేన్ టేబులూ గొలుసూ పట్టుకుని మాతో వచ్చేవారు. మూడు కాళ్ల మీద నున్నని చెక్కబల్ల. దానిమీద కాగితం పిన్నులతో బిగించాలి. రసమట్టం పెట్టి బల్లను సమం చెయ్యాలి, గాలి బుడగ మధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి. చూపుపట్టీ పెట్టి కట్ట చివర ఉన్న చింతచెట్టు వైపు గురిపెట్టి ఒక గీత గీయాలి. తర్వాత బల్లను మోసుకుంటూ తూము దగ్గరికి వెళ్లి, మధ్యదూరం గొలుసుతో కొలుచుకుని, అక్కణ్ణుంచి మళ్లీ అదే చెట్టుకు ఇంకో గీత. రెండు గీతలు ఎక్కడ కోసుకుంటే అక్కడే చెట్టు. చెట్టు దగ్గరికి పోకుండానే చెట్టు కాగితం మీదికి వచ్చేస్తుంది. దాన్ని మొదటిసారి చూసిన పిల్లవాడి మొహం ఉంటుందే, ఆ మొహాన్ని మీ ఎల్‌ఈడీ తెర మీద చూపించండి చూద్దాం.

గొలుసు అరవై ఆరు అడుగులు, నూరు లంకెలు. సగం గొలుసు పొడవు, సగం గొలుసు వెడల్పు ఉన్న జాగా కచ్చితంగా ఒక గుంట, అంటే నూట ఇరవై ఒక్క చదరపు గజాలు. నలభై గుంటలైతే ఎకరం. ఈ లెక్క పిల్లలకు అర్థమయ్యేసరికి కట్ట మీద రైతులు చుట్టూ చేరేవారు. చెరువు శిఖం భూమి ఎంతవరకు, ఎవరి పొలం ఎక్కడ మొదలు అని వాళ్లలో వాళ్లే వాదించుకునేవాళ్లు. ఒకసారి ఒక పెద్దమనిషి మా పిల్లల కాగితాన్ని పట్వారీకి చూపిస్తానని లాక్కుపోయాడు కూడా.

మరీ వెనక్కి పోతే, ఈ గొలుసూ గురీ మన నేలకు కొత్తవి కావు. భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలుచుకుంటూ దక్షిణం నుంచి బయల్దేరిన విలియం లాంబ్టన్ దగ్గర జార్జి ఎవరెస్టు కొలువులో చేరింది 1818లో, ఇదే హైదరాబాద్‌లో. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో వానాకాలం కొలతలకు పోయి జ్వరంతో మంచం పట్టాడు. శిఖరానికి ఆయన పేరుందని ప్రతి పిల్లవాడూ చెబుతాడు. ఆయనకు మలేరియా పట్టిన తెలుగు అడవి ఊసు ఐదొందల బిట్లలో ఎక్కడా లేదు.

అయ్యా, ఇదంతా ముసలాయన చాదస్తం, ప్రపంచం ముందుకు పోయింది అంటారేమోనని ఆ కరస్పాండెంటుకు ప్రపంచం సంగతే చెప్పాను. ముందు చెప్పిన ఆ భూగోళ ఒలింపియాడ్‌ను నడిపేది ఇంటర్నేషనల్ జాగ్రఫికల్ యూనియన్. 1922లో బ్రస్సెల్స్‌లో పుట్టిన సంస్థ. 1968లో దాని మహాసభ మన ఢిల్లీలోనే జరిగింది, అప్పటి అధ్యక్షుడు మనవాడే, కలకత్తా ప్రొఫెసర్ ఎస్.పి. చటర్జీ. పిల్లల పోటీ ఆలోచన 1994లో ప్రాగ్‌లో పుట్టింది, రెండేళ్లకు ది హేగ్‌లో మొదలైంది. మొదట రెండేళ్లకోసారి పెట్టేవారు, 2013లో క్యోటో నుంచి ఏటా. సోల్, డర్బన్, తైపే, బీజింగ్, హాంకాంగ్, బాండుంగ్, 2025లో బ్యాంకాక్. ఇప్పుడు నలభైకి పైగా దేశాలు వస్తున్నాయి. దేశానికి నలుగురు పిల్లలు, పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల లోపువాళ్లు.

మార్కులు ఎట్లా వేస్తారో చూడండి. రాతపరీక్షకు నూటికి నలభై. తెర మీద బొమ్మలూ మ్యాపులూ చూసి గుర్తుపట్టే పరీక్షకు ఇరవయ్యే. మిగతా నలభై ఫీల్డ్ వర్కుకు. పిల్లల్ని బస్సెక్కించి ఏదో వీధికో, నది ఒడ్డుకో, పంటభూమికో తీసుకెళ్లి వదిలేస్తారు. చూసింది వాళ్లే మ్యాపు గీయాలి, ఆ మ్యాపు పట్టుకుని ఆ చోటికున్న సమస్యకు ఒక దారి చెప్పాలి. బజరు లేదు, ఫ్లాగ్ రౌండు లేదు. పోటీ పెట్టే దేశానికి అసలు పని అక్కడే. ఆ చోటు ఏదో ముందుగా ఎంచుకోవాలి, ఎవరికీ తెలియనివ్వకూడదు, ఒక్కో జట్టూ తిరగడానికి దారి గీసిపెట్టుకోవాలి, వాన పడితే ఏం చెయ్యాలో అనుకోవాలి, ఏ దేశపు పిల్లకూ మిగతావాళ్లకన్నా తేలిక కాకుండా చూడాలి. మన దేశంలో ఇప్పటిదాకా ఇది జరగలేదు. దీని దాయాది అనదగిన ఎర్త్ సైన్స్ ఒలింపియాడ్ 2013లో మైసూరుకు వచ్చింది. గణితానికీ భౌతికశాస్త్రానికీ ముంబైలో హోమీ భాభా కేంద్రం పిల్లల్ని ఎంపికచేసి తర్ఫీదిచ్చి పంపుతుంది. భూగోళానికి అక్కడ కుర్చీ లేదు. ఎందుకుంటుంది? ఇంటర్లో చేరే ప్రతివాడూ ఎంపీసీ, లేకపోతే బైపీసీ. జాగ్రఫీ గ్రూపు ఉన్న జూనియర్ కాలేజీ కావాలంటే హైవే మీద ఎంతదూరం పోవాలో మా మనవరాలికోసం వెతికినప్పుడు తెలిసింది.

కరస్పాండెంటు నన్ను ఆపి, "సార్, అమెరికల మనోళ్లు బజరు నొక్కే గెలుస్తున్నరు గద" అన్నాడు. గెలిచిన మాట నిజమే. అక్కడ నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ల జాగ్రఫీ బీ పోటీ 1989 నుంచి 2019 దాకా నడిచింది. 2012 నుంచి చివరి ఎనిమిదేళ్లూ వరసగా భారతీయ మూలాలున్న పిల్లలే గెలిచారు. 2014లో అఖిల్ రేకులపల్లి, 2017లో ప్రణయ్ వరద, 2019లో నిహార్ జంగా. ఇంటిపేర్లు చూస్తే ఏ భాషవాళ్లో వేరే చెప్పక్కర్లేదు. తక్లమకాన్ ఎడారినీ టిబెట్ పీఠభూమినీ వేరుచేసే పర్వతాలేవని ప్రణయ్‌ను అడిగితే కున్‌లున్ అన్నాడు, గెలిచాడు. వీళ్ల తరానికి ఇలాంటి పోటీల్లో తొలి మెట్టు వేసింది కూడా ఒక తెలుగాయనే. రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఊరూరా స్పెల్లింగ్ బీలు, జాగ్రఫీ బీలు పెడుతుంది. వచ్చిన డబ్బుతో ఇక్కడ పేదపిల్లలకు స్కాలర్‌షిప్పులిస్తుంది. ఇంతకంటే మంచి వాడకం బిట్ బ్యాంకుకు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ బీని కూడా నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లే 2021లో శాశ్వతంగా ఆపేశారు. అక్కడివాళ్లే మూసేసిన దుకాణాన్ని మనం ఇక్కడ ఎల్‌ఈడీ లైట్లు పెట్టి తెరుస్తున్నాం.

మా రోజుల్లో అంతా భేషుగ్గా ఉండేదని నేననను. గ్లోబు ఒక్కటుండేది, అది హెడ్మాస్టరు బీరువాలో తాళం వేసి ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు బయటికి తీసేవారు. టోపోషీటు కావాలంటే ఉప్పల్ దాకా పోయి వాళ్ల వేళలకు నిలబడాలి. మా ఊరి షీటు 56కె/11. గోధుమరంగు కాంటూర్లు, నీలం చెరువులు, ఎర్ర రోడ్లు. ఆ ఒక్క షీటు చిరగకుండా వెనక గుడ్డ అతికించి, మడతలు నేనే విప్పేవాణ్ణి, పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాళ్లు. 2017లో సర్వే ఆఫ్ ఇండియా 250 ఏళ్ల సందర్భంగా అలాంటి షీట్లను నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఇస్రోవాళ్ల ఉపగ్రహ మ్యాపుల సైటు భువన్ ఉంది. ఇప్పటి పిల్లల చేతిలో ఉన్న ఫోన్లో మా సర్వేయరుగారి గోదాము మొత్తం ఉంది. ఇక గొలుసు పట్టిన జట్లలో ఆడపిల్ల ఉండేది కాదు. వాళ్లకు చార్టు మీద రంగులు దిద్దే పని ఇచ్చేవాళ్లం, కట్ట మీద మగవాళ్లుంటారని, ఎండని, ఇంకేదోనని. ఇన్ని వసతులు ఇప్పుడు కాళ్ల దగ్గరికి వస్తే, బయటికి పోవడానికి ఒక్క కాలు లేవదు. అదీ నా బాధ.

పైగా చదువుకోవడానికి మన హయత్‌నగర్‌కు మించిన చోటు ఎక్కడుంది? మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు ఇది. ఆవిడ ఇక్కడే మసీదు కట్టించింది, దాని చుట్టూ సరాయి. పక్కనే ఏనుగుల బావి. ఎందుకిక్కడే? గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి కాబట్టి. వజ్రాలూ కలంకారీ బట్టలూ బళ్లమీద పోయేవి, టావెర్నియే లాంటి పరదేశీ వర్తకులు వచ్చేవారు. ఇప్పుడు అదే దారి జాతీయ రహదారి 65, పుణె నుంచి మచిలీపట్నం దాకా. అప్పుడు సరాయి, ఇప్పుడు బస్ డిపోలు. అప్పుడు బళ్లు, ఇప్పుడు సంక్రాంతికి ఆంధ్ర పోయే కార్ల వరస. ఊరి పక్కనే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడావాళ్ల పొలం. ఎర్రనేల మీద పడిన వానలో ఎంత ఇంకుతుంది, ఎంత కొట్టుకుపోతుంది అని ఏళ్లతరబడి లెక్క కడుతున్న చోటు. సముద్రమట్టానికి ఐదొందల పై చిలుకు మీటర్ల ఎత్తు. కింద రెండొందల యాభై కోట్ల ఏళ్ల గ్రానైటు. బండరాయి మీద నీళ్లు ఎట్లా ఇంకుతాయి చెప్పండి?

ఇక్కడికొచ్చేసరికి నాకే ఒక ఆలోచన తట్టింది. మూడు బళ్లు కలుస్తున్నాయి కదా. 2020 అక్టోబర్ 13న మన హయత్‌నగర్‌లో ఒక్కరోజులో దాదాపు ముప్పై సెంటీమీటర్ల వాన పడింది. ఏడాది మొత్తానికి మనకు పడేదే డెబ్బై ఐదు, ఎనభై. ఇనాంగూడ దగ్గర విజయవాడ రోడ్డు తెగినంత పనైంది, కార్లు కొట్టుకుపోయాయి. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్‌నగర్ ఇళ్లలోకి వచ్చింది, వీధుల్లో పడవలు తిరిగాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్. డెబ్బై ఐదేళ్ల రికార్డుల్లో లేనంత వాన, విమానాశ్రయం రన్‌వే చెరువైంది. అదే ఏడాది సెప్టెంబరు చివర ఖాట్మండు లోయ మునిగింది, నేపాల్‌లో రెండు వందల మందికి పైగా పోయారు. ఒకటి పీఠభూమి, ఒకటి ఎడారి తీరం, ఒకటి కొండల మధ్య గిన్నె. మూడుచోట్ల ఒకటే ప్రశ్న ఇద్దాం: మీ బడి మీద ఒక్కరోజులో కుండపోతగా వాన పడింది. ఆ నీళ్లు ఎటుపోతాయి? నడిచి, చూసి, గీసి చూపించండి. బడి చుట్టూ కిలోమీటరు చాలు. వాలు ఎటుంది, కాలువ ఎక్కడుంది, సిమెంటు ఎంత, మట్టి ఎంత, ఎవరిల్లు మునుగుతుంది, ఏం చేస్తే మునగదు. జూమ్‌లో పెట్టాల్సింది ఆ మ్యాపులు. ఖాట్మండు పిల్ల మన మ్యాపు చూసి ప్రశ్నలడగాలి, మనవాడు దుబాయ్ మ్యాపు చూసి అడగాలి. అప్పుడది మూడు దేశాల పోటీ.

ప్రిన్సిపాల్ మేడం మొదట ఇబ్బందిపడ్డారు. పేరెంట్స్ ఒప్పుకోరు సార్, ట్యాన్ అవుతారంటారు. అంగీకారపత్రం కావాలి. హైవే దాటాలంటే ట్రాఫిక్ పోలీసుకు ఉత్తరం పెట్టాలి. కుక్కలున్నాయి. నేను ఒక్కొక్కటీ రాసుకున్నాను. టోపీలు, నీళ్ల సీసాలు, జట్టుకు ఒక టీచరు, పొద్దున ఆరున్నరకు బయల్దేరితే తొమ్మిదికల్లా వెనక్కి. మా రోజుల్లో పోలీసుకు ఉత్తరం అక్కర్లేదు, అప్పుడు ఈ రోడ్డు మీద పిల్లలు గోలీలాడేవాళ్లు. కానీ ఇప్పటి రోడ్డు ఇప్పటిదే, ఉత్తరం రాయాల్సిందే. ఈవెంటు కుర్రాడు మాత్రం ఈఫిల్ టవరు అడ్వాన్సు వెనక్కి రాదన్నాడు. ఉండనివ్వమన్నాను, నీడకైనా పనికొస్తుంది.

కరస్పాండెంటుకు ఇది బాగా నచ్చేసింది. "వరదల టాపికు సార్, పేపర్ల ఫస్ట్ పేజీల వస్తది" అన్నాడు. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చిన 2024 నుంచి చెరువంటే పత్రికలవాళ్లు పరిగెత్తుకొస్తారని వాడికి తెలుసు. ఎల్‌ఈడీ తెర సైజు తగ్గించడానికి కూడా ఒప్పుకున్నాడు.

మూలన కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి అప్పటిదాకా ఒక్కమాట మాట్లాడలేదు. నేను 56కె/11 అన్నప్పటి నుంచీ ఫోన్లో ఏదో వెతుకుతూ ఉంది. లేచి వచ్చి నా ముందు పెట్టింది. ఒకపక్క పాత టోపోషీటు, ఒకపక్క ఇరవై ఏళ్ల కిందటి ఉపగ్రహం బొమ్మ. అందులో ఒక కుంటను నీలంగా వేలితో చుట్టి చూపించింది. దక్షిణంగా కట్ట, ఉత్తరం నుంచి వచ్చే వాగు, కాంటూరు గీత ఎక్కడ వంపు తిరిగిందో అక్కడికే. ఎవరూ నేర్పకుండానే గీత చదివింది.

"సార్, ఇది ఇప్పుడు యాడుంది?" అని అడిగింది.

నేను కళ్లజోడు సరిచేసుకుని చూసేలోపు కరస్పాండెంటు మా భుజాల మీదుగా వంగి చూశాడు. వాడికి మ్యాపు చదవడం బాగానే వచ్చినట్టుంది, నర్మద మాట ఎట్లా ఉన్నా. ఆ కుంట నీలంలోనే నిలువునా ఇప్పుడు మేమున్న బిల్డింగు, దాని పక్కన బస్సుల షెడ్డు, కొత్తగా కడుతున్న ఐదంతస్తుల బ్లాకు.

కాసేపటికి వాడు నన్ను వరండాలోకి పిలిచాడు.

"సార్, ఫీల్డ్ వర్కు హైవేకు అవతలి దిక్కు పెట్టుకుందామా?"

పెట్టుకోవచ్చు గానీ అవతలి దిక్కు నీళ్లకు కూడా వాలు ఇటే ఉందని చెప్పాను.